ఆన్‌లైన్‌లో బరువు తగ్గాలంటే: మీ లెక్క చదివేదెవరు?

ప్రశ్న: మాది దేవరకొండ. నా వయసు 41, ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. రెండేళ్ల నుంచి షుగరుకు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోలీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్న. బీపీ గోలీ కూడా ఉన్నది. పుట్టిల్లు మర్రిగూడ దిక్కు, మోకాళ్లు ఎప్పటినుంచో బిగుసుకున్నట్టే ఉంటయి. పొద్దంతా మా కిరాణం దుకాణంల గల్లా కాడ కూర్చుంట. వారం వారం హైదరాబాద్‌కు డైటీషియన్ దగ్గరికి పోవుడు నాతోని కాదు. ఫోన్ల ఒక ప్రకటన చూసిన: ‘3 నెలల్లో 12 కిలోలు గ్యారంటీ’ అని. ఫీజు 14,999 రూపాయలు. వాట్సాప్ గ్రూపు, రోజూ రాత్రి 7 గంటలకు వీడియో క్లాసు, రెండు పూటల తిండికి బదులు పౌడరు. కావాలంటే బరువు తగ్గే ఇంజెక్షన్ కూడా ఇప్పిస్తరట. హైదరాబాద్‌ల బీటెక్ చదివే మా బాబు ‘ఫ్రీ యాప్ చాలమ్మా’ అంటున్నడు. ఇవి నిజంగ పనిచేస్తయా? పైసలు కట్టన్నా వద్దా?
(ఒక పాఠకురాలు, దేవరకొండ)

సమాధానం: అమ్మా, పైసల సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సిన మాట గ్లిమెపిరైడ్. ఈ మందు క్లోమగ్రంథితో ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా లేదా అన్నది దానికి తెలియదు. రోజూ తినేంత తింటున్నప్పుడు సరిపోయే మోతాదే, రెండు పూటలు పౌడరు తాగిన రోజున ఎక్కువైపోతుంది. చెమటలు, చేతులు వణకడం, గుండె దడ, కళ్లు తిరగడం, చిరాకు, మాట తడబడటం: షుగరు పడిపోయినప్పుడు ఇలా ఉంటుంది. రాత్రి నిద్రలో పడిపోతే ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. అందుకని తిండి ఒక్క ముద్ద తగ్గించకముందే మీకు గోలీ రాసే డాక్టరుకు ‘బరువు తగ్గడానికి తిండి తగ్గిస్తున్నాను, మోతాదు మార్చాలా?’ అని ఫోన్ చేయండి. చాలామందికి గ్లిమెపిరైడ్ సగం చేయడమో, రాత్రిపూటది ఆపడమో జరుగుతుంది. ఆ నిర్ణయం డాక్టరుది. మీరు చేయకూడదు, ఆన్‌లైన్ కోచ్ అసలే చేయకూడదు.

ఇంట్లో గ్లూకోమీటరు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు పరగడుపున ఒకసారి, రాత్రి తిండికి ముందు ఒకసారి చూడండి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ తాగాలి. బిస్కెట్టు, చాక్లెట్టు ఈ పనికి రావు. వాటిలో కొవ్వు ఉండి చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి గోలీలు వాడేవాళ్లు మాత్రం అన్నం, రొట్టె పూర్తిగా మానేసే కీటో డైట్ జోలికి పోవద్దు. షుగరు పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది. ఇక బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా తగ్గుతుంది. కూర్చుని లేవగానే కళ్లు తిరిగితే బీపీ గోలీ మోతాదు కూడా చూపించుకోవాలి.

ఇప్పుడు ఆ ప్రకటన లెక్క. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. 12 కిలోలంటే 92,400. దాన్ని 90 రోజులకు పంచితే రోజుకు వెయ్యి దాటుతుంది. మీ వయసు, ఎత్తు, బరువు, రోజంతా కూర్చునే పని కలిపి చూస్తే మీ ఒంటికి రోజుకు సుమారు 1,850 కేలరీలు ఖర్చవుతాయి. అంటే మీరు మూడు నెలలపాటు 800 చిల్లరతో బతకాలి. అంత తక్కువ తిండి ఆసుపత్రి పర్యవేక్షణలో, పరీక్షలు చేస్తూ ఇవ్వాల్సిన చికిత్స. అలా వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, కండ కరగొచ్చు, జుట్టు రాలొచ్చు. వాట్సాప్ గ్రూపులో చేసే పని కాదది. గ్యారంటీ అన్న మాట చూడగానే వెనక్కి జరగండి. ఎవరి ఒంట్లో ఎంత తగ్గుతుందో ముందే చెప్పగల డైటీషియన్ లేరు.

అయితే ఆన్‌లైన్ పద్ధతే బూటకమని అనుకోవద్దు. దీని మీద పాతికేళ్లుగా పరిశోధనలున్నాయి. 2001లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో రెండు గుంపులకూ బరువు తగ్గే సమాచారం ఇంటర్నెట్‌లోనే ఇచ్చారు. ఒక గుంపుకు మాత్రం అదనంగా వారం వారం ఈమెయిల్ పాఠాలు, వాళ్లు తిన్నది రాసి పంపితే చదివి జవాబివ్వడం పెట్టారు. ఆరు నెలలకు సమాచారం మాత్రమే అందినవాళ్లు 1.6 కిలోలు తగ్గితే, జవాబులు అందినవాళ్లు 4.1 కిలోలు తగ్గారు. తేడా వచ్చింది సమాచారంలో కాదు, చదివి జవాబిచ్చిన మనిషిలో.

ఇంకో అధ్యయనం మీకు మరింత దగ్గరగా ఉంటుంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో 415 మందిని తీసుకుని, 2011లో ఫలితాలు ప్రచురించారు. ఒక గుంపుకు ముఖాముఖి సలహాదారు. ఇంకో గుంపుకు అంతా దూరం నుంచే: ఫోన్, వెబ్‌సైట్, ఈమెయిల్. మూడో గుంపుకు ఏ కోచూ లేదు. రెండేళ్ల తర్వాత ముఖాముఖి గుంపు సగటున 5.1 కిలోలు, దూరపు గుంపు 4.6 కిలోలు, మూడో గుంపు 0.8 కిలో తగ్గారు. మొదటి రెంటికీ మధ్య తేడా లేనట్టే. మీరు బస్సెక్కి వంద కిలోమీటర్లు పోకపోవడం వల్ల పెద్దగా పోయేదేమీ లేదన్నమాట. ఇంకో సంగతి, ఆ దూరపు గుంపుకు ముఖ్యంగా నడిచింది ఫోన్ కాలే. వీడియో కాదు. మీ దగ్గర సిగ్నల్ సరిగా లేక వీడియో ఆగి ఆగి వస్తుంటే దిగులు పడాల్సిన పని లేదు.

మన దక్షిణాదిలోనూ ఇలాంటిది జరిగింది. చెన్నైకి చెందిన డాక్టర్ అంబడి రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 537 మంది మగవాళ్లలో సగం మందికి ఫోన్‌లో మామూలు ఎస్సెమ్మెస్‌లు పంపింది: తిండి గురించి, నడక గురించి. రెండేళ్లలో ఎస్సెమ్మెస్‌లు అందిన గుంపులో 18 శాతం మందికి, అందని గుంపులో 27 శాతం మందికి షుగరు వచ్చింది. ఆడవాళ్ల మీద చేసింది కాదు కాబట్టి మీకు అచ్చంగా అన్వయించలేం. కానీ చిన్న ఫోన్ కూడా పనికొస్తుందని తెలుస్తోంది.

ఈ అంకెల్లో ఒక నిరుత్సాహం కూడా ఉంది, దాచను. బాల్టిమోర్‌ వాళ్లు మొదట సగటున 104 కిలోలున్నారు. రెండేళ్లు పాటుపడి, కోచ్ ఉన్నా తగ్గింది ఐదు కిలోల దగ్గరే. మీ విషయంలో ఆరు నెలలకు 4 నుంచి 5.5 కిలోలు సరైన లక్ష్యం, అంటే ఇప్పటి బరువులో 5 నుంచి 7 శాతం. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ మాత్రానికే షుగరు, బీపీ దిగుతాయి. మోకాలి అరుగుదల ఉన్నవాళ్లలో కొలిచి చూస్తే, ఒక్క కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం సుమారు 4 కిలోలు తగ్గింది. మీరు గల్లా దగ్గరి నుంచి లేచి సరుకు తీసే ప్రతిసారీ అది తెలుస్తుంది.

కాబట్టి ఏ ప్రోగ్రామైనా ఒకే ప్రశ్నతో తూచండి: నేను రాసి పంపింది ఎవరు చదువుతారు? డబ్బు కట్టకముందే వాట్సాప్‌లో అడగండి. ఆ మనిషి పేరు, చదువు ఏమిటి? పోషకాహారంలో డిగ్రీ ఉందా, లేక నాలుగు వారాల సర్టిఫికెటా? ఒక్కొక్కరి కింద ఎంతమంది ఉన్నారు? రెండు మూడు వందల మందికి ఒకే కోచ్ ఉంటే మీరు రాసి పంపింది ఎవరూ చదవరు. జవాబు ఎన్ని రోజులకు? తెలుగులోనా? మొదటి ఫోన్‌లోనే మీరు వాడే మందులు అడిగారా? షుగరు గోలీ పేరు అడగకుండా డైట్ చార్టు పంపినవాళ్లకు రూపాయి కట్టొద్దు, వాళ్లు ఎంత పేరున్నవాళ్లైనా సరే.

ఇంకో పరీక్ష ఉంది. ఒక రోజు తిన్నదంతా రాసి, పళ్లెం ఫొటోతో సహా పంపి ‘ఇందులో ఏం మార్చాలి?’ అని అడగండి. ‘నూనె, తీపి తగ్గించండి, నీళ్లు బాగా తాగండి, పాజిటివ్‌గా ఉండండి’ అని వచ్చిందా? పేరు మార్చి ఇంకొకరికి పంపినా సరిపోయే జవాబు అది. దానికి 15 వేలు దండగ. ‘దుకాణం మూసేముందు తిన్న మిక్చర్ ఈ వారం నాలుగు రోజులు కనబడుతోంది. సాయంత్రం ఐదున్నరకే ఒక చిన్న గిన్నెడు శనగ గుడాలు తిని చూడండి. వచ్చే ఆదివారానికి మిక్చర్ ఎన్ని రోజులైందో చెప్పండి’ అని వస్తే అది పనికొచ్చే మనిషి. ఒకే మార్పు, మీ రోజులోంచే తీసింది, మళ్లీ అడుగుతానని చెప్పింది. ఈ మూడూ ఉండాలి.

రాత్రి 7 గంటల వీడియో క్లాసు గురించి కూడా ఆలోచించండి. ఆ సమయానికి మీ దుకాణంలో బేరాలు, ఇంట్లో పొయ్యి మీద వంట. రెండు వారాలు ఎట్లాగో కూర్చుంటారు, మూడో వారం మానేస్తారు. ఇలా మానేసినవాళ్లు ‘నాకే పట్టుదల లేదు’ అని తమను తాము తిట్టుకుంటారు. తప్పు వేళది.

పౌడరు సంగతి. పూట తిండికి బదులు తాగే పౌడర్లు వాటంతటవి విషాలు కావు. కొందరికి తాత్కాలికంగా పనికొస్తాయి. కానీ అమ్మేవాడే కోచ్ అయితే, మీకు పౌడరు అక్కర్లేని రోజు ఎప్పటికీ రాదు. డబ్బా మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు ఉందా, ఒక మోతాదుకు ఎన్ని గ్రాముల ప్రోటీన్, ఎంత చక్కెర అని చూడండి. తర్వాత గ్రాము ప్రోటీన్ ఎంత పడుతోందో లెక్క కట్టి గుడ్డు ధరతో పోల్చండి. ఒక గుడ్డులో 6 గ్రాములు, పచ్చి పప్పు 30 గ్రాముల్లో సుమారు 7, ఎండు మీల్‌మేకర్ 30 గ్రాముల్లో 15. దుకాణం మీదే కాబట్టి ధరలు మీకు నాకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు అసలు పని: రాయడం. యాప్ అయినా, పది రూపాయల నోటు పుస్తకమైనా ఒకటే. యాప్‌లు మన వంట దగ్గర ఎక్కడ తప్పుతాయో మాత్రం తెలిసి ఉండాలి. రోటీ అని కొడితే చాలా యాప్‌లు 30 గ్రాముల గోధుమ పుల్కా అనుకుంటాయి. చేత్తో తట్టిన జొన్న రొట్టెకు 50, 60 గ్రాముల పిండి పడుతుంది. అంటే 170 నుంచి 200 కేలరీలు. రెండు రొట్టెలు తిని యాప్‌లో రెండు రోటీలని పెడితే అక్కడే సగం లెక్క మాయం. జొన్న రొట్టె తింటే బరువు తగ్గుతామనే నమ్మకం మన దగ్గర బాగా ఉంది. గ్రాముకు గ్రాము బియ్యంతో పోలిస్తే కేలరీల్లో తేడా కొద్దిగానే. లాభమల్లా పీచు ఎక్కువ, కడుపు త్వరగా నిండుతుంది, ఆకలి ఆలస్యంగా అవుతుంది. నాలుగు రొట్టెలు తింటే ఆ లాభం కూడా ఉండదు.

మీకున్న సౌకర్యం చాలామందికి లేదు: దుకాణంలో ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. ఒక వారం దాన్ని మీ పళ్లేనికి వాడండి. ఖాళీ పళ్లెం పెట్టి సున్నా చేసి, రోజూ పెట్టుకునేంత అన్నం పెట్టి చూడండి. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. కుప్ప పోసిన పళ్లెంలో తరచూ 350, 400 గ్రాములుంటుంది; అంటే 450 నుంచి 520. దాన్ని 200 గ్రాములకు దించి, ఆ జాగాలో కూర రెట్టింపు, పప్పు ఒక గరిటె ఎక్కువ వేసుకోండి. ఒక వారం తూచాక కన్నుకు అలవాటవుతుంది, తర్వాత రోజూ తూచక్కర్లేదు. నెలకోసారి మళ్లీ తూచండి, ఎందుకంటే కన్ను మెల్లగా మోసం చేస్తుంది.

నూనె దగ్గర యాప్‌లన్నీ ఓడిపోతాయి. ‘వంకాయ కూర, ఒక కప్పు’ అంటే మీరు అందులో ఎంత నూనె పోశారో దానికెట్లా తెలుస్తుంది? కూర కూరకూ కొలవొద్దు, నెలకు కొలవండి. నూనె ప్యాకెట్ కోసిన రోజు దాని మీద తేదీ రాయండి. లీటరంటే సుమారు 910 గ్రాములు, కానీ ఇప్పుడు ప్యాకెట్లు రకరకాల బరువుల్లో వస్తున్నాయి, గ్రాములు చదవండి. ఇంట్లో నలుగురుండి నెలకు 4 కిలోలు అవుతుంటే మనిషికి రోజుకు 33 గ్రాములు, సుమారు 300 కేలరీలు. రెండున్నర కిలోలకు తెస్తే 190లోపు. ఎవరి పళ్లెంలోనూ ఏదీ తీసేయకుండానే ప్రతి ఒక్కరికీ వందకు పైగా తగ్గింది. గరిటెతో వంచడం మాని చెంచాతో పోయడం, తాలింపు సగం చేయడం, సర్వపిండి పెనంలో పోసే నూనె చూసుకోవడం, ఇంతే. పల్లీల తొక్కు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పల్లీలు సగం నూనే కదా.

గల్లా దగ్గర చేతికందేవి యాప్‌లో ఎవరూ రాయరు. గుప్పెడు పల్లీలు 30 గ్రాములైతే 170 కేలరీలు. పాలు పోసి, రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్ ఒకటి 70, 75. రోజుకు నాలుగైతే 300. అమెరికాలో 1992లో ఒక పరిశోధన చేశారు. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదనేవాళ్లను పరీక్షిస్తే, వాళ్లు తిన్నదాంట్లో సగటున 47 శాతం రాయలేదని తేలింది. వాళ్లు అబద్ధాలాడినవాళ్లు కాదు, గుర్తులేదంతే. అందుకే రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాయొద్దు. తినే ముందే ఫొటో తీయండి, లేదా గల్లా మీద చిన్న పుస్తకం పెట్టి అప్పటికప్పుడు రాయండి. దావత్ రోజు, బతుకమ్మ సద్దుల రోజు కూడా రాయండి. ‘ఇయ్యాల ఎట్లాగో పోయింది’ అని పుస్తకం మూసిన రోజులే అసలు చదవాల్సిన రోజులు.

మొత్తంగా రోజుకు 1,400 కేలరీల దగ్గర ఆగితే చాలు; 400 నుంచి 450 లోటు వస్తుంది. పాలు, పెరుగు మాత్రం మానొద్దు. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు పాత బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల ఎముకల్లో ఫ్లోరైడు ప్రభావం ఉండే అవకాశం ఉంది, కాల్షియం తగ్గనివ్వకూడదు.

వ్యాయామం విషయంలోనూ ఇదే జాగ్రత్త. వీడియోలో ఎగిరే జుంబా, గుంజీలు, నేల మీద మోకాళ్లు మడిచి చేసేవి మీకు వద్దు. మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుని ఉంటే ముందు ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించండి. కోచ్‌కు మీరు చెప్పకపోతే మర్రిగూడ ఫ్లోరైడు నీళ్ల సంగతి తెలిసే దారి లేదు. తిన్న తర్వాత చదును నేల మీద 10 నిమిషాల నడక, రోజుకు మూడుసార్లు. కుర్చీలో కూర్చుని కాలు చాపి ఐదు లెక్కపెట్టే వరకు ఉంచడం, ఒక్కో కాలికి పదిసార్లు. తిన్నాక నడిస్తే షుగరు తక్కువ ఎక్కుతుంది. నడకతోనే బరువు తగ్గుదామంటే మాత్రం కష్టం. మీ బరువుకు అరగంట నడక ఖర్చు చేసేది వంద కేలరీల చుట్టూ. చేతి గడియారం మూడు వందలని చూపిస్తే నమ్మి అంత ఎక్కువ తినొద్దు.

మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఇంజెక్షన్లు, కాగితంలో చుట్టిచ్చే పేరులేని గోలీలు వాడుతున్నారా? వాటిలో స్టిరాయిడ్ ఉంటే ఆకలి, బరువు, షుగరు మూడూ పెరుగుతాయి. ఏ డైటూ దాని మీద గెలవదు. నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి. మొదలుపెట్టే ముందు థైరాయిడ్ టీఎస్‌హెచ్, మూడు నెలల షుగరు హెచ్‌బీఏ1సీ, కిడ్నీలకు క్రియాటినిన్, లివరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, తెలంగాణ డయాగ్నోస్టిక్స్ కింద పరీక్షలు ఉచితం.

ఇంజెక్షన్ గురించి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. వారానికొకటి. బరువు బాగానే తగ్గిస్తాయి, షుగరుకూ మంచివే. మీలాంటివాళ్లకు డాక్టరు ఆలోచించదగ్గ మందులే. కానీ ఆపితే చాలామందికి పోయిన బరువులో పెద్ద భాగం తిరిగొస్తుంది. వాంతులు, మలబద్ధకం మామూలు. గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగరు పడిపోవచ్చు. క్లోమం వాపు వచ్చి ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఇవి చీటీ లేకుండా అమ్మకూడని మందులు. 2020 మార్చిలో కేంద్రం తెచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో రాసిన చీటీ మీద కూడా డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ఫీజుకు రసీదివ్వాలి. కృత్రిమ మేధతో నడిచే చాట్ తనంతట తాను సలహా చెప్పకూడదు, మందు రాయకూడదు. ‘ఇప్పిస్తాం’ అన్నవాళ్లను డాక్టరు పేరు, నంబరు అడగండి. చెప్పకపోతే మాట అక్కడితో ఆపేయండి.

మీ బాబు మాటకొస్తాను. ఫ్రీ యాప్ చాలంటే సగం నిజం. ఆ సగాన్ని తానే పూర్తి చేయగలడు. ప్రతి ఆదివారం రాత్రి 20 నిమిషాలు ఫోన్‌లో మీ వారం పుస్తకం చదవమనండి. నియమాలు మూడు: తిట్టకూడదు, ఒక్క మార్పే అడగాలి, పోయిన వారం అడిగినదాని సంగతి ముందు కనుక్కోవాలి. కన్నవాళ్ల విషయంలో పిల్లలు ప్రేమ కొద్దీ పోలీసులవుతారు. ‘మళ్లీ మిక్చర్ తిన్నవా’ అన్న ఒక్క మాటతో మీరు దాన్ని రాయడం మానేస్తారు, తినడం మానరు. ఈ సంగతి అతనికి చదివి వినిపించండి. దీంతోపాటు నెలకోసారి ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడితే పైసా ఖర్చు లేదు. పన్నెండు వారాలు ఇట్లా చేసి రెండు కిలోలైనా తగ్గకపోతే, అప్పుడు డబ్బు కట్టి, చదువుకున్న డైటీషియన్‌ను ఫోన్ పద్ధతిలో పెట్టుకోండి. నెల నెలా కట్టేవాళ్లను చూడండి, మొత్తం ముందే అడిగేవాళ్లను కాదు.

బరువు చూసుకునే తీరు: డిజిటల్ యంత్రాన్ని గట్టి బండల మీద పెట్టి, పొద్దున దొడ్డికి పోయొచ్చాక, ఏమీ తినకముందు. రోజూ రాయండి, వారం సగటు మాత్రమే పోల్చండి. ఉప్పు ఎక్కువ తిన్నా, నెలసరి ముందూ కిలో దాకా పెరుగుతుంది, అది నీరు. మొదటి వారం రెండు కిలోలు తగ్గినా చాలావరకు నీరే. ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం దానికి మూడు నాలుగింతల నీటిని పట్టి ఉంచుతుంది, తిండి తగ్గగానే ఆ నీరు పోతుంది. ప్రకటనల్లో ‘మొదటి వారంలోనే 3 కిలోలు’ అని చూపే ఫొటోల రహస్యం ఇదే. మూడో వారం నుంచి వేగం తగ్గుతుంది, చాలామంది అక్కడే మోసపోయామనుకుని ఆపేస్తారు. నిజమైన తగ్గుదల అప్పుడే మొదలవుతోంది.

ఆరు నెలలయ్యేసరికి బరువు ఒక దగ్గర ఆగుతుంది. చిన్నబడిన ఒంటికి ఖర్చు తగ్గింది, ఆకలి పెరిగింది. ఇక్కడే మూడు నెలల కోర్సులు చేతులు దులుపుకొని వెళ్లిపోతాయి. తగ్గడం అయిపోయినా నెలకోసారి ఫోన్, వారానికి నాలుగు రోజుల బరువు కనీసం ఇంకో ఏడాది నడవాలి. ఆగిన బరువుకు రెండు కిలోలు పెరిగితే మళ్లీ రెండు వారాలు పూర్తిగా రాయడం మొదలుపెట్టండి. ఐదు కిలోలు పెరిగేదాకా ఆగొద్దు.

ఇప్పటికే ఆ ప్రకటన వాళ్లకు యూపీఐతో అడ్వాన్సేమైనా పంపారా? ఫోన్‌పే, గూగుల్ పే దేనిలోనైనా ఆటోపే అన్నచోట వాళ్ల పేరు ఉందేమో చూసి రద్దు చేయండి. కట్టిన డబ్బు ఇవ్వకపోతే రసీదు, వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.